స్విఫ్ట్ 1.2 మాన్యువల్: హన్మకొండల 3 ఏండ్లు, 46 వేల కిలోమీటర్లు, పికప్ హ్యాండ్లింగ్ ముచ్చట

ఓరుగల్లు_స్విఫ్ట్ | హన్మకొండ | శనివారం రాత్రి 9:42

అందరికి నమస్తే. ఇన్ని రోజులు చదువుడే తప్ప రాసుడు లేకుండె. ఇయ్యాల బండి సర్వీసింగ్‌కి ఇచ్చేటప్పుడు మీటర్ 46 వేలు చూపెట్టింది, ఇగ రాద్దాం అనిపించింది. బండి 2022 మారుతి స్విఫ్ట్, జెడ్‌ఎక్స్‌ఐ వేరియంట్, పెట్రోల్, 5 గేర్ల మాన్యువల్. ఇంజిన్ 1197 సీసీ, 4 సిలిండర్లు, 6000 ఆర్‌పీఎం దగ్గర 90 పీఎస్ పవర్, 4400 దగ్గర 113 ఎన్‌ఎం టార్క్, అంటే తిప్పే బలం. ఈ నంబర్లు చూసి మా దోస్తులు టర్బో (ఇంజిన్‌లకి గాలి ఒత్తి బలం పెంచేది) లేదు గిదేం స్పోర్టీ అన్నరు, కొన్న కొత్తల నాక్కూడ ఆ అనుమానం ఉండె. ఇప్పుడు లేదు. బండి బరువు 900 కిలోల లోపే, మన రోడ్ల మీద ఆ తక్కువ బరువే అసలు పని చేస్తది.

నా రన్నింగ్ ఎట్లంటే రోజు నయీంనగర్ నుంచి కాజీపేట, నెలకి రెండు మూడు సార్లు హైదరాబాద్, ఇగ ఆదివారం పొద్దుగాల 5:30కి లేచి ములుగు మీదికెళ్లి తాడ్వాయి దాక పోయి వస్త. ఆ ఆదివారం డ్రైవ్ కోసమే నేను మాన్యువల్ తీసుకున్న, ఇంట్ల ఆటోమేటిక్ తీసుకోమని ఎంత చెప్పినా వినలే.

ముందు పికప్ సంగతి. 3000 లోపల మెత్తగ, సప్పుడు లేకుండ ఉంటది. 3500 దాటినంక గొంతు మారుతది, వణుకుడు లేకుండ 6000 దాక శుభ్రంగ ఎక్కుతది. పరకాల రోడ్డు మీద లారీని దాటాలంటే 5వ గేర్‌ల ఉండి యాక్సిలరేటర్ తొక్కితే ఏం కాదు, 3కి దింపాలె, దింపినంక అప్పుడు చూడాలె దాని సంగతి. కొంతమంది పికప్ లేదు అంటరు, వాళ్లు గేర్ దింపకుండ నడుపుతున్నరని నా అభిప్రాయం. మే నెలల 44 డిగ్రీల ఎండల ఏసీ ఫుల్ పెట్టి నలుగురం కూసుంటే మాత్రం చౌరస్తా సిగ్నల్ దగ్గర మొదటి గేర్ బరువుగనే కదులుతది, అది ఒప్పుకోవాలె.

హ్యాండ్లింగ్ గురించి ఎంత చెప్పినా తక్కువే. స్టీరింగ్ తిప్పంగనే ముక్కు తిరుగుతది, మధ్యల ఆలోచించుకోదు. పస్రా దాటినంక తాడ్వాయి దాక అడవిల వంపులు తెలిసినోళ్లకి తెలుసు, ఒకటి అయిపోంగనే ఇంకోటి ఎదురుగ వస్తది, అక్కడ 60-65ల బ్రేక్ మీద కాలు పెట్టకుండ ఒక వంపుల నుంచి ఇంకో వంపులకి బండి జారుకుంట పోతుంటే 90 పీఎస్సా 120 పీఎస్సా అని గుర్తు కూడ రాదు. వెనుక టార్షన్ బీమ్, అంటే రెండు వెనుక చక్రాలని కలిపే ఒకే దూలం కాబట్టి ఒక్కడినే ఉన్నప్పుడు గతుకుల మలుపుల వెనుక భాగం కొంచెం ఎగిరి పక్కకి జరిగినట్టు ఉంటది, వెనుక ఇద్దరు కూసుంటే ఆ ఎగురుడు పోతది. హైవే మీద స్టీరింగ్ ఇంకా జర బరువు ఉంటే బాగుండు.

41 వేల దగ్గర టైర్లు మార్చిన, అదే 185/65 ఆర్15 సైజు, కాని జర మెత్తటి రబ్బరు. మొదటి వాన పడ్డప్పుడు తెలిసింది తేడా. అదే బండి, అదే రోడ్డు, కాని బ్రేక్ కొడితే ఆగే దూరం తగ్గింది, నా నమ్మకం పెరిగింది. ఇది మూడేండ్ల కింద ఎవరైనా చెప్తే బాగుండు అనిపించింది.

మీలో ఎవరన్నా వేరే చిన్న బండ్లు గట్టిగ నడిపినోళ్లు ఉంటే మీ అనుభవం కూడ రాయున్రి.

---

పోలో_కాజీపేట | కాజీపేట | శనివారం రాత్రి 10:15

అన్నా మంచిగ రాసినవ్. నాది 2020 పోలో 1.0 టీఎస్‌ఐ, 6 గేర్ల మాన్యువల్, 110 పీఎస్, 175 ఎన్‌ఎం. నీ స్విఫ్ట్ అసొంటిదే మా బావమరిది దగ్గర ఉంది, రెండూ నడిపిన కాబట్టి చెప్తున్న. సిటీల స్విఫ్ట్ సులువు, క్లచ్ మెత్తన, చిన్న సందుల తిరుగుతది. హైవే ఎక్కినంక మాత్రం పోలో వేరే లెక్క. 4వ గేర్‌ల 60 మీద ఉండి తొక్కితే గేర్ దింపే పనే లేదు, నడుముకి సీటు ఒత్తుకుంటది. పక్కకెళ్లి లారీ పోతె స్విఫ్ట్ గాలికి కదులుతది, పోలో కదలదు.

డోర్ వేస్తె వచ్చే సప్పుడు కూడ వేరే ఉంటది, నవ్వకున్రి, అది కూడ నాకు ముఖ్యమే. 2022ల పోలో అమ్మకం బంద్ చేసినప్పుడు నిజంగ బాధయింది.

---

గోదావరిఖని_గేర్ | గోదావరిఖని | శనివారం రాత్రి 10:51

ఓరుగల్లు అన్నా, గేర్ దింపి నడిపితే పికప్ ఉంది అన్నవ్, కరెక్టే, కాని టర్బో ఎందుకు వేరే అనిపిస్తదో లెక్క తోని చెప్త, ఇది ఎవరూ సరిగ రాయరు.

పవర్ కిలోవాట్లల కావాలంటే ఎన్‌ఎంని ఆర్‌పీఎం తోని గుణించి 9549 తోని భాగించాలె. నాది గ్రాండ్ ఐ10 నియోస్ టర్బో, 172 ఎన్‌ఎం 1500 నుంచి 4000 దాక ఒకే తీరు వస్తది. 2000 దగ్గర లెక్క కడితే 36 కిలోవాట్లు, అంటే 49 పీఎస్. స్విఫ్ట్‌కి 113 ఎన్‌ఎం 4400 దగ్గర వస్తది, సరే మొత్తం 113 ఎన్‌ఎం 2000 దగ్గరనే వచ్చిందనుకుందాం, అట్ల రాదు గని అనుకుందాం, అప్పుడు కూడ 32 పీఎస్సే. అంటే రోజు మనం నడిపే 2000 ఆర్‌పీఎం దగ్గర టర్బో బండి ఒకటిన్నర రెట్లు పవర్ ఇస్తది. కాగితం మీద స్విఫ్ట్ 90కి నా నియోస్ 100కి తేడా 10 పీఎస్సే కనవడ్తది, కాలు కింద తేడా గింత ఉంటది.

రాజీవ్ రహదారి మీద పెద్దపల్లి దాక బొగ్గు లారీలు, బూడిద లారీలు లైన్ కట్టి పోతయ్. నేను డ్యూటీ దిగి నిద్రమత్తుల ఇంటికి పోతుంటే గేర్లు దింపుకుంట ఇంజిన్‌ని 5000 దాక తిప్పే ఓపిక ఉండది. అప్పుడు టర్బో విలువ తెలుస్తది. కాని 2023ల నియోస్ కొత్తగ వచ్చినప్పుడు టర్బో తీసేసిన్రు, ఇప్పుడు కావాలంటె సెకండ్ హ్యాండే.

---

ఓరుగల్లు_స్విఫ్ట్ | హన్మకొండ | శనివారం రాత్రి 11:08

తమ్మీ లెక్క మంచిగ చెప్పినవ్, ఒప్పుకుంటున్న. ఒక్కటే మాట. నీ లెక్క ప్రకారమే స్విఫ్ట్ 4400 దగ్గర 71 పీఎస్, 6000కి 90. అంటే బండిల పవర్ ఉంది, పై అంతస్తుల ఉంది, మెట్లు ఎక్కి తెచ్చుకోవాలె. నాకు ఆ ఎక్కుడే ఇష్టం. డ్యూటీ దిగి అలిసిపోయి పోయేటోళ్లకి టర్బోనే కరెక్ట్, దాంట్ల వాదన లేదు.

డ్యూటీ తర్వాత నిద్రమత్తుల నడుపుడు మాత్రం వద్దు తమ్మీ. అరగంట ఆగి చాయ తాగి పో.

---

జనగామ_ఫస్ట్_కార్ | జనగామ | ఆదివారం పొద్దున 7:20

అన్నలందరికి నమస్తే. నాకు 24, ఇదే మొదటి కార్. బడ్జెట్ 6 లక్షలు, సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్ చూస్తున్న, 2021 లేక 2022 మోడల్. మా బాపు ఏమో వ్యాగన్ఆర్ తీసుకో, ఎత్తుగ ఉంటది, ఎక్కుడు దిగుడు సులువు అంటున్నడు. మా దోస్తు ఒకడు స్విఫ్ట్ తీసుకో, 16 అంగుళాల వీల్స్ వేసి, స్ప్రింగులు కట్ చేసి కిందికి దించి, రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చుడు) కొట్టిద్దాం, హైదరాబాద్‌ల చేస్తరు అంటున్నడు. మొత్తం లక్ష అయితదట. ఏం చెయ్యాల్నో తెలుస్తలేదు. కొనేటప్పుడు ఏం చూడాలె? కొంచెం వివరంగ చెప్పున్రి ప్లీజ్.

---

ఆటోనగర్_అలైన్‌మెంట్ | వరంగల్ | ఆదివారం పొద్దున 8:55

తమ్మీ నేను 18 ఏండ్ల సంది ఆటోనగర్ల వీల్ అలైన్‌మెంట్ పని చేస్తున్న. నీ దోస్తు మాట వినకు, ఎందుకు వద్దంటున్ననో చెప్త ఇను.

స్ప్రింగ్ కట్ చేసుడు ముందుగాల. స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్ 163 మిల్లీమీటర్లు. మన ఊర్లల్ల స్పీడ్ బ్రేకర్లు ఎవలిష్టమొచ్చినట్టు వాళ్లు పోసుకుంటరు, కొన్ని గోడ లెక్క ఉంటయి. ఇప్పటికే నలుగురు కూసుంటే కొన్ని దగ్గర కింద తాకుతది. స్ప్రింగ్ కోస్తే షాక్ అబ్జార్బర్‌కి కదిలే జాగ తక్కువైతది, గుంతల పడ్డప్పుడల్ల లోపలి రబ్బరు బంప్ స్టాప్ మీద గుద్దుకుంటది. మలుపుల అట్ల గుద్దుకుంటే టైర్ రోడ్డు మీదికెళ్లి లేస్తది. హ్యాండ్లింగ్ పెరుగుతదని చేపిస్తరు, పోయేది గదే.

ఇగ వీల్స్. ఇప్పుడున్న 185/65 ఆర్15 టైర్ మొత్తం ఎత్తు 621.5 మిల్లీమీటర్లు. 195/60 ఆర్15 వేస్తే 615, ఒక్క శాతం తేడా, మీటర్ల తెల్వది, రిమ్ము కూడ అదే సరిపోతది, గట్టిగ నడిపేటోళ్లకి నేను గిదే చెప్త. 205/50 ఆర్16 వేస్తే పక్క గోడ 120 నుంచి 102 మిల్లీమీటర్లకి వస్తది. చూడనీకి మస్తుంటది. కాని గుంత అంచు తాకితే రిమ్ము వంగుతది, సైడ్ వాల్ ఉబ్బుతది. వాన కాలం అయిపోయినంక నా దగ్గరికి వచ్చే వంగిన రిమ్ములల్ల ఎక్కువ గిసొంటియే. బరువు కూడ పెరుగుతది, బండి తేలికగ ఉందని కొనుక్కొని చక్రాలకే బరువు కడితే ఏం ఫాయిదా?

రీమ్యాప్ గురించి నేను ఇంజిన్ పనోన్ని కాదు, కాని టర్బో లేని ఇంజిన్ల రీమ్యాప్ తోని వచ్చేది చాన తక్కువ, అది ఎవలైనా ఒప్పుకుంటరు. వారంటీ పోతది. ఇంకో సంగతి, కంపెనీ ఇచ్చిన లెక్కల్ని మార్చుడు మోటార్ వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తది, రేపు ఏమన్నా అయితే ఇన్సూరెన్సోళ్లు గదే పట్టుకుంటరు.

కొనేటప్పుడు చూడాల్సినయ్ చెప్త. టైర్ పక్కన 4 అంకెలు ఉంటయి. 2319 అని ఉంటే 2019ల 23వ వారం తయారయిందని. నాలుగు టైర్లకి నాలుగు తారీఖులు ఉంటే ఎందుకు మార్చిన్రో అడుగు. ముందు టైర్ల మీద అరచెయ్యి అడ్డంగ జరిపి చూడు, ఒక దిక్కు మెత్తగ ఇంకో దిక్కు రంపం పండ్ల లెక్క గరుకుగ తాకితే టో, అంటే చక్రాలు నేరుగ ఉండాల్సిన కోణం, తప్పినట్టు. అది మామూలే, సరి చేసుకోవచ్చు. కాని వెనుక టైర్ ఒక్కటే ఒక దిక్కు అరిగి ఉంటే జాగ్రత్త, స్విఫ్ట్ వెనుక బీమ్‌కి అలైన్‌మెంట్ సెట్ చేసే ఏర్పాటు ఉండది, అంటే బీమ్ ఏడనో గట్టిగ తాకింది. ఆ బండి వదిలెయ్యి.

నడుపుతున్నప్పుడు సాఫ్ రోడ్డు మీద స్టీరింగ్ జర అల్కగ పట్టుకో, బండి ఒక దిక్కు గుంజుతదా చూడు. బ్రేక్ కొట్టినప్పుడు గుంజుతదా చూడు. చిన్న గుంతల మీద టక్ టక్ అంటే లోయర్ ఆర్మ్ బుష్షో, లింక్ రాడ్డో, పెద్ద ఖర్చు కాదు, కాని ధర తగ్గియ్యమని అడగొచ్చు.

లక్ష రూపాయలు ఉన్నయంటున్నవ్ కదా. మంచి టైర్లు నాలుగు, అలైన్‌మెంట్, బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్, ఇయన్ని చేపించినా సగం కూడ కావు. బండి కొత్తదైతది.

---

మోడరేటర్ | ఆదివారం పొద్దున 9:30

అలైన్‌మెంట్ అన్న పోస్ట్ పైన పిన్ చేస్తున్న. ఒక విన్నపం: టాప్ స్పీడ్ ముచ్చట్లు ఇక్కడ వద్దు. డివైడర్ ఉన్న నాలుగు లైన్ల రోడ్డు మీద కార్లకి కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగం 100, అంతకన్న తక్కువ బోర్డు ఉంటే బోర్డే లెక్క.

---

ములుగు_టీచర్ | హన్మకొండ | ఆదివారం మధ్యాహ్నం 12:40

నేను రోజూ హన్మకొండ నుంచి ములుగు అవతల ఒక ఊరికి డ్యూటీకి వెళ్తాను, అదే 163వ నంబర్ హైవే, రోజుకి 110 కిలోమీటర్లు. ఇక్కడ అందరూ పికప్ గురించి మాట్లాడుతున్నారు, నేను రెండు విషయాలు చెప్పాలి.

ఒకటి, సేఫ్టీ. ఈ తరం స్విఫ్ట్‌కి కార్లను గుద్ది పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2018లో 2 స్టార్లు ఇచ్చింది, 2022లో కొత్త పద్ధతిలో పరీక్షించి 1 స్టార్ ఇచ్చింది, బాడీ షెల్ (కారు లోహపు గూడు) అస్థిరం అని రాశారు. టాటా ఆల్ట్రోజ్‌కి 2020లోనే 5 వచ్చాయి. పోలోకి రెండు ఎయిర్‌బ్యాగులతో 2014లో 4. నాకు కూడా స్విఫ్ట్ నడపడం ఇష్టమే, మా అన్నయ్య బండి నడుపుతుంటాను. కానీ 24 ఏళ్ల అబ్బాయి మొదటి కారు కొంటుంటే ఈ మాట చెప్పకుండా పికప్ లెక్కలు మాత్రమే చెప్పడం నాకు సరిగా అనిపించలేదు. 2024లో వచ్చిన కొత్త స్విఫ్ట్‌లో అన్ని వేరియంట్లకి 6 ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌పీ (కారు అదుపు తప్పకుండా బ్రేకుల్ని తనే సర్దే వ్యవస్థ) ఇస్తున్నారు, బడ్జెట్ కొంచెం సాగితే అది చూడు తమ్ముడూ. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది కాబట్టి కొత్తదానికి పాతదానికి తేడా కూడా తగ్గింది.

రెండోది, వడ్లు. హ్యాండ్లింగ్ గురించి ఇంత రాశారు, వడ్ల గురించి ఒక్కరూ రాయలేదు. యాసంగి కోతలప్పుడు, వానాకాలం పంట వచ్చినప్పుడు లోపలి రోడ్ల మీద ఒక పక్క మొత్తం వడ్లు ఆరబోస్తారు. రైతుల్ని అనడానికి లేదు, కల్లాలు లేవు, కొనుగోలు కేంద్రంలో తేమ ఎక్కువుందని తిప్పి పంపిస్తారు, వాళ్లు ఇంకెక్కడ ఆరబోస్తారు. కానీ వాటి మీద చక్రం పడితే గోలీల మీద పడ్డట్టే. రెండేళ్ల కింద సాయంత్రం పూట ఎదురుగా బస్సు వచ్చింది, నేను ఎడమకి తిప్పాను, ఎడమ చక్రాలు రెండూ వడ్ల మీద, కుడి చక్రాలు తారు మీద. బ్రేక్ కొట్టాను. కారు కుడికి తిరిగిపోయింది, బస్సు వైపుకే. 40 స్పీడే ఉంది. బస్సు డ్రైవర్ ఆపడం వల్ల బతికాను. ఆ తర్వాత ఒక నెల స్టీరింగ్ పట్టుకుంటే చేతులు వణికేవి.

అప్పటినుంచి వడ్లు కనిపిస్తే అక్కడికి చేరేలోపే స్పీడ్ 20కి దించుతాను, వాటి మీద ఉన్నప్పుడు బ్రేక్ తొక్కను, స్టీరింగ్ తిప్పను, ఎదురుగా బండి వస్తుంటే ముందే ఆగిపోతాను. రాత్రి పూట అయితే కుప్ప మీద నల్ల టార్పాలిన్ కప్పి చుట్టూ రాళ్లు పెడతారు, హెడ్‌లైట్‌లో అది రోడ్డులాగే కనిపిస్తుంది.

---

ఓరుగల్లు_స్విఫ్ట్ | హన్మకొండ | ఆదివారం మధ్యాహ్నం 1:25

మేడం, చదువుతుంటే గుండె ఆగినట్టయింది. మీరు మంచిగ ఉన్నరు, అదే చాలు. వడ్ల సంగతి నేను రాయకపోవుడు తప్పే. ఏబీఎస్ (బ్రేక్ కొడితే చక్రాలు లాక్ కాకుండ చూసేది) ఉన్న బండి అయినా ఒక దిక్కు చక్రాలకి పట్టు ఉండి ఇంకో దిక్కు లేకుంటే పట్టు ఉన్న దిక్కే గుంజుతది, ఈఎస్‌పీ ఉంటే కొంత సంభాళిస్తది గని, చక్రాల కిందనే పట్టు లేకుంటే ఏ కంప్యూటర్ పట్టు పుట్టియ్యదు.

సేఫ్టీ రేటింగ్ మాట కూడ నిజం. నేను 2022ల కొన్నప్పుడు ఆ 1 స్టార్ రిపోర్ట్ ఇంకా రాలే, వచ్చినంక ఇంట్ల గట్టిగనే చర్చ అయింది. బండి అమ్మలే, కాని పిల్లలు వెనుక ఉన్నప్పుడు నడిపే తీరు మారింది, వెనుక కూసున్నోళ్లు కూడ బెల్ట్ పెట్టుకోకుంటే బండి కదిలియ్య.

---

పాత_డీజిల్_పరకాల | పరకాల | ఆదివారం సాయంత్రం 4:10

నేను 2012 స్విఫ్ట్ డీజిల్ ఇప్పటికి నడుపుతున్న, 2 లక్షల 30 వేల కిలోమీటర్లు. 75 పీఎస్సే, కాని 190 ఎన్‌ఎం 2000 దగ్గర. 2000 లోపల పండుకొని ఉంటది, దాటినంక ఒక్కసారి లేచి ఉరుకుతది. భూపాలపల్లి రోడ్డు మీద బొగ్గు లారీలని దాటనీకి ఇంతకు మించి ఏం కావాలె అనిపిస్తది. అయితే ముందు ఇంజిన్ బరువు, మలుపుల ముక్కు బయటికి పోతనంటది, పెట్రోల్ స్విఫ్ట్ గట్ల కాదు. మా తమ్ముని దగ్గర మొదటి తరం స్విఫ్ట్ ఉండె, 2005ల వచ్చిన 1.3 పెట్రోల్, దాని స్టీరింగ్ ముచ్చట ఇప్పటికి యాదికొస్తది, చెయ్యి పట్టుకుంటే రోడ్డు మీద గులకరాయి కూడ తెలిసేది. ఇప్పటియి అన్ని అల్కగ అయినయి.

బీఎస్6 పొగ నియమాలు వచ్చినంక 2020ల ఈ డీజిల్ బంద్ అయింది. నా బండి ఉన్నన్ని రోజులు నడుపుత.

---

నిర్మల్_ఘాట్ | నిర్మల్ | ఆదివారం రాత్రి 8:35

మా దిక్కు మహబూబ్ ఘాట్ ఉన్నది, నిర్మల్ నుంచి నేరడిగొండ పోయే పాత రోడ్డు. కుంటాల జలపాతం చూడవోయే వాళ్లు శానా మంది అటే ఎక్కుతరు. చిన్న కార్ హ్యాండ్లింగ్ ఏందో తెల్వాలంటె ఘాట్ దిగేటప్పుడు చూడాలె, ఎక్కేటప్పుడు కాదు.

ఎక్కేటప్పుడు స్విఫ్ట్ 1.2కి 2, 3 గేర్లు, ఇంజిన్ 3500 మీద పెట్టుకుంటే ఏ ఇబ్బంది లేదు. నిండ బరువు తోని 3వ గేర్‌ల 2000కి పడనిస్తే మాత్రం ఇంజిన్ మూలుగుతది, ముందే దింపాలె. దిగేటప్పుడు అసలు కథ. వెనుక డ్రమ్ బ్రేకులు, ముందు డిస్కులు. బ్రేక్ మీద కాలు పెట్టుకొని దిగితే డ్రమ్ములు వేడెక్కుతయ్, పెడల్ మెత్తవడ్తది, వాసన వస్తది. ఎక్కిన గేర్‌లనే దిగు అని మా నాయిన లారీ నేర్పినప్పుడు చెప్పిండు, కార్‌కైనా గదే మాట. 2వ గేర్‌ల వదిలేస్తే ఇంజినే పట్టి ఆపుతది, బ్రేక్ మలుపు ముందు ఒక్కసారి గట్టిగ కొట్టి వదిలెయ్యాలె. తిప్పుడు మొదలైనంక బ్రేక్ కొట్టొద్దు.

ఎందుకంటే ముందు చక్రాలే బండిని గుంజాలె, అయ్యే తిప్పాలె, బ్రేక్ బరువు కూడ ఎక్కువ వాటి మీదనే. టైర్‌కి ఉండే పట్టు ఒక కుండల నీళ్ల లెక్క, బ్రేక్‌కి సగం తాగిపిస్తే తిప్పనీకి సగమే మిగుల్తది. మలుపుల స్పీడ్ ఎక్కువై ముక్కు బయటికి పోతుంటే ఇంకా తిప్పుడు కాదు, యాక్సిలరేటర్ మెల్లగ వదలాలె, ఒక్కసారి వదిలితే వెనుక తేలికైతది, తేలిక బండి కాబట్టి వెనుక కొట్టుకపోతది. ఇది నేను వానల ఒక్కసారి చూసిన, రెండోసారి చూడాలని లేదు.

---

పోలో_కాజీపేట | కాజీపేట | ఆదివారం రాత్రి 9:02

కుండల నీళ్ల మాట నాకు మస్తు నచ్చింది అన్నా. నేను నిన్న టార్క్ టార్క్ అని రాసిన గని, ఇయ్యాల పొద్దున హంటర్ రోడ్డు మీద పోతుంటే ఆలోచించిన, రోజు మొత్తంల ఆ 175 ఎన్‌ఎం నిండుగ వాడింది రెండు నిమిషాలు కూడ ఉండది. బ్రేకులు స్టీరింగ్ మాత్రం ప్రతి నిమిషం. అయినా పోలో అమ్మను, అది వేరే సంగతి.

---

గోదావరిఖని_గేర్ | గోదావరిఖని | ఆదివారం రాత్రి 9:40

కొత్త స్విఫ్ట్ ఎవరన్నా నడిపిన్రా? 3 సిలిండర్ల ఇంజిన్, 82 పీఎస్, 112 ఎన్‌ఎం అంటున్నరు. మైలేజ్ మాత్రం మాన్యువల్‌కి 24.8 అని కంపెనీ లెక్క. మన ఓరుగల్లు అన్న ఇంజిన్ ఫీల్ దాంట్ల ఉంటదా?

---

ఓరుగల్లు_స్విఫ్ట్ | హన్మకొండ | ఆదివారం రాత్రి 10:12

టెస్ట్ డ్రైవ్ చేసిన తమ్మీ. సిటీల పాతదానికన్న సులువే, కింద ఆర్‌పీఎంల మంచిగ లాగుతది. ముక్కు తిరిగే తీరు అదే. కాని 5000 దాటినంక పాత 4 సిలిండర్ల దాంట్ల ఉన్న ఆ సంతోషం దీంట్ల లేదు, సప్పుడు ఎక్కువైతది తప్ప ఉరుకు పెరగదు. మైలేజ్ అడిగేటోళ్లకి కొత్తది, ఆదివారం పొద్దుగాల లేచేటోళ్లకి పాతది అంట నేను. మేడం చెప్పిన సేఫ్టీ మాట వచ్చినప్పుడు మాత్రం కొత్తదే ముందుంటది, ఇది కూడ రాయాలె. నాకు పాతదాంట్ల మైలేజ్ హైవే మీద 90-95ల నడిపితే 20, సిటీల 14-15 వస్తది, కంపెనీ లెక్క 23.2.

బయట ఇంకో దేశంల స్విఫ్ట్ స్పోర్ట్ అని 1.4 టర్బో, 140 పీఎస్, 970 కిలోల బండి అమ్మిన్రు. అది మన దగ్గరికి రాలే. వస్తదేమో అని నేను రెండేండ్లు కొనకుండ ఆగిన.

---

జనగామ_ఫస్ట్_కార్ | జనగామ | తర్వాతి శనివారం సాయంత్రం 6:30

అన్నలకి, మేడంకి థాంక్స్. అప్‌డేట్ ఇస్తున్న. కొత్తదానికి బడ్జెట్ సరిపోలే, మేడం, లోన్ ఎక్కువైతుంది, బాపు వద్దన్నడు. మూడు పాత బండ్లు చూసిన. మొదటిది చూడనీకి మస్తుండె, 16 అంగుళాల వీల్స్, కాని వెనుక కుడి టైర్ లోపలి దిక్కు బట్టతల లెక్క అరిగింది, అలైన్‌మెంట్ అన్న చెప్పింది యాదికొచ్చి వదిలేసిన. రెండోదాంట్ల నాలుగు టైర్లకి నాలుగు తారీఖులు. మూడోది 2021 వీఎక్స్ఐ, 38 వేల కిలోమీటర్లు, ఒక్కరే ఓనర్, రిటైర్డ్ సార్ బండి, సర్వీస్ రికార్డ్ మొత్తం ఉంది. 14 అంగుళాల చక్రాలు, 165/80 టైర్లు, తారీఖు 2021దే, కంపెనీ తోని వచ్చినయే.

బాపుని కూసోబెట్టుకొని రఘునాథపల్లి దాక నడిపిన. బాపు మొదటి 10 నిమిషాలు పైన హ్యాండిల్ పట్టుకొని కూసున్నడు, తర్వాత వదిలేసిండు, వచ్చేటప్పుడు ఆయననే నడుపుత అన్నడు. దిగినంక వ్యాగన్ఆర్ పేరు ఎత్తలే. 5 లక్షల 40 వేలకి మాట అయింది, అడ్వాన్స్ ఇచ్చిన.

ఇప్పుడు డౌట్ ఏందంటె, 15 అంగుళాల చక్రాలు వేసుకోవచ్చా? లేక ఇవే ఉంచాల్నా? రేపు ఆదివారం అలైన్‌మెంట్ అన్న దగ్గరికి రావచ్చా?

---

ములుగు_టీచర్ | హన్మకొండ | శనివారం సాయంత్రం 6:58

శుభాకాంక్షలు తమ్ముడూ. నాన్నగారు కూడా నడుపుతానన్నారంటే ఇంకేం కావాలి. సీట్ బెల్ట్ నలుగురూ.

---

ఆటోనగర్_అలైన్‌మెంట్ | వరంగల్ | శనివారం రాత్రి 8:20

మంచి బండి పట్టినవ్ తమ్మీ. 15 అంగుళాలు వేసుకోవచ్చు, జెడ్‌ఎక్స్‌ఐకి కంపెనీ ఇచ్చే 185/65 సైజే వెయ్యి, ఎత్తు ఇప్పుడున్న దాంతోని రెండు మిల్లీమీటర్లే తేడా. కాని తొందర వడకు. 2021 టైర్లంటె రబ్బరు గట్టివడి ఉంటది, ఎట్లయినా మార్చాలె, మార్చేటప్పుడే రిమ్ములు కూడ చూద్దాం, సెకండ్ హ్యాండ్ కంపెనీ రిమ్ములు దొరుకుతయి, వంగినయో కాదో నేను తిప్పి చూసి చెప్త.

రేపు రా, 10 తర్వాత ఉంట. ఒక్క పని చెయ్యి. జనగామకెల్లి నడుపుకుంట వస్తే టైర్లు వేడెక్కి గాలి ఎక్కువ చూపెడ్తది. పొద్దుగాల బండి తియ్యకముందే, టైర్లు సల్లగ ఉన్నప్పుడు, ఇంటి దగ్గర గేజ్ ఉంటే నాలుగు టైర్ల గాలి చూసి కాగితం మీద రాసుకొని పట్టుకరా. డ్రైవర్ డోర్ తీస్తె పక్కన స్టిక్కర్ ఉంటది, దాని మీద నంబర్ కూడ ఫోటో కొట్టుకొని రా.